వైట్‌నర్ కింద ఖోఖో

కాలిపోయిన మోటరు ఇస్తే మా ఆయన గంటలో లోపం చెబుతాడు. ఫారం ఇస్తే గంటలో దాన్నే కాల్చేస్తాడు. ఒకసారి నా పుట్టిన తేదీ గడిలో మా పెళ్లి తేదీ రాశాడు. "రెండు తారీకులు యాదుంచుకునుడంటే కష్టం" అన్నాడు. మొన్న మా అమ్మాయి లాస్య ఆరో తరగతి ఫారంలో విద్యార్థి పేరు దగ్గర తన పేరే రాసుకున్నాడు, హన్మండ్లు అని. నలభై ఏళ్లకు మళ్లీ బడికి పోవాలనిపించిందేమో. బాన్సువాడ బస్టాండు దగ్గర ఆయన మోటర్ల షాపులో బిల్లుబుక్కు పక్కన వైట్‌నర్ సీసా ఎప్పుడూ ఉంటుంది. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఈసారి ఫారంలో కొత్త గడి ఒకటి. ఆరో తరగతి నుంచి ఆఖరి పీరియడ్‌కు కంప్యూటర్, డ్రాయింగ్, ఖోఖోలలో ఒకటి ఎంచుకోవాలట. ఏడాదంతా అదే. ఎవరూ అడగకముందే లాస్య ఖోఖో దగ్గర టిక్కు పెట్టేసింది. రెండు నెలలుగా పెరట్లో దండెం గుంజల మధ్య ఉరకడమే దాని పని. ఆరేసిన నా చీరల మీద చేతి ముద్రలు.

"ఉరుకుడు నేర్పనీకె గూడ బడేనా? మేము కుక్కలు ఎంబడవడితె నేర్చుకున్నం," అన్నది మా అత్త భూమవ్వ.

"దాని ఇష్టం అవ్వా," అన్నాడాయన.

నాకు మనసొప్పలేదు. నేను బీకాం కంప్యూటర్స్. మా కాలేజీలో పన్నెండు మందికి ఒక కంప్యూటరు. మూడేళ్లలో నేను ఎక్కువగా చూసింది ముందు కూర్చున్న అమ్మాయి జడనే. ఆ డిగ్రీతో ఇప్పుడు గ్యాస్ బుక్ చేస్తాను, అదీ ఫోన్లో. నా బిడ్డ ముందైనా జడ కాకుండా కంప్యూటరు ఉండాలనుకున్నాను.

ఫారం మీద ఆయన పేరు దిద్దిన వైట్‌నర్ మరక ఉండనే ఉంది, షాపు నుంచి తెచ్చిన సీసా పక్కనే ఉంది. ఇంకో మరకను ఎవరు పట్టించుకుంటారు? ఆయన అన్నం తినేలోపు ఖోఖో టిక్కు మాయమైంది, కంప్యూటర్ పక్కన ఒకటి వెలిసింది. చూడకుండానే తీసుకుపోయి బడిలో ఇచ్చొచ్చాడు.

బడి తెరిచాక బోర్డు మీద పేర్లు అంటించారు, లాస్య పేరు కంప్యూటర్ కింద ఉంది. ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా, "డాడీ, నా టిక్కు మీద వైట్‌నర్ పూసినవా?" అన్నది.

నేను కూర కలుపుతున్నాను. అడిగింది నన్ను కాదు కదా.

ఆయన తల గోక్కున్నాడు. "పూసిన్నేమో బిడ్డా. నా పేరు దిద్దంగ గక్కడ గూడ పడ్డదేమో."

"పడితే, టిక్కు కంప్యూటర్ కాడికి ఎట్ల పోయింది?"

"వీని చేతికి కాగితమిచ్చుడంటే మేక ముందల ఆకు పెట్టినట్టే," అని భూమవ్వ తీర్పు చెప్పేసింది. ఎవరూ నా వైపు చూడలేదు. ఇంట్లో చెడ్డపేరున్న మనిషి ఒకడుంటే ఎంత అక్కరకొస్తాడో ఆ రోజు తెలిసింది.

రోజూ ఆయన బండి మీద బడికి పోయే పిల్ల, ఇగ ఆటోలో పోతానన్నది. ఆయన బండి తుడిచి, కాసేపు నిలబడి, ఒక్కడే షాపుకు పోయేవాడు. దండెం మీద నా చీరలు శుభ్రంగా ఆరుతున్నాయి. అంత శుభ్రం నాకెందుకో నచ్చలేదు.

వారం తర్వాత ఆయన ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. నస్రుల్లాబాద్ రైతులు ఇద్దరు మోటర్లు పట్టుకుని కూర్చున్నా, షట్టరు సగం దించి బడికి పోయొచ్చాడట.

"మేడంను అడిగిన. పొరపాటు ఎట్లయిందో రాసిస్తే ఖోఖోలకు మారుస్తరట. నేను రాస్తే గిది గూడ ఖరాబైతది. నేను చెప్త, నువ్వు రాయి రమా."

లాస్య గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

"రాయి. లాస్య తండ్రినైన నా తెలివితక్కువతనం వల్ల..." ఆగాడు. "తెలివితక్కువ అంటే మేడం ఏమనుకుంటదో. అజాగ్రత్త అని రాద్దమా?"

'తండ్రి' దాకా వచ్చి నా చెయ్యి ఆగింది.

"ఏంది, పెన్ను రాస్తలేదా?"

'తండ్రి'ని అడ్డంగా కొట్టేసి, పైన 'తల్లి' అని రాశాను. వైట్‌నర్ అడగలేదు.

"అగో, నువ్వు గూడ తప్పు రాస్తున్నవ్," అని నవ్వాడు.

"ఇది కరెక్టే." లాస్య వైపు తిరిగాను. "ఆ టిక్కు మార్చింది నేను. మీ డాడీకి ఏం తెల్వదు. నాదే తప్పు బిడ్డా."