మైనస్ గుర్తు

ఉమాకాంత్‌కి పీహెచ్‌డీలో అది ఆరో ఏడు. ఒహాయోలోని ఆ యూనివర్సిటీకి వచ్చే తెలుగు పిల్లలందరికీ అతను అన్నయ్య. చేతికి పొడి అంటకుండా పరిశోధన ఎలా చెయ్యాలో అతన్ని చూసే నేర్చుకోవాలని, ఎమ్మెస్‌కని వచ్చి అదే ల్యాబ్‌లో చేరిన దమయంతికి మొదటి నెలలోనే అర్థమైంది.

పని చూడబోతే చిన్నదే. లోహం లోపల పరమాణువులు కుదురుగా ఉండవు, వేడికి ఊగుతుంటాయి. వాటి మీద ఎక్స్-రేలు వేస్తే వెనక్కొచ్చే కాంతి ఆ ఊపును బట్టి తగ్గుతుంది. కిరణాలు తగిలే కోణం పెరిగేకొద్దీ మరీ తగ్గుతుంది. ఆ తగ్గుదలని కొలిస్తే ఊపెంతో తెలుస్తుంది. ఉమాకాంత్ అల్యూమినియం పొడిని నమూనా పెట్టే బిళ్ల గుంటలో కుప్పగా పోసి, పైన చదును చెయ్యకుండానే మెషీన్లో పెట్టి కాఫీకి వెళ్లిపోయాడు. చిన్న కోణాల్లో వాలుగా వచ్చే కిరణాలకి ఆ మిట్టలే అడ్డమయ్యాయి. గ్రాఫ్‌లో తగ్గాల్సిన గీత పెరిగింది. ఊపు మైనస్ సున్నా పాయింట్ ఏడని వచ్చింది.

"సున్నా కన్నా తక్కువ ఎలా ఊగుతాయన్నా?" అంది దమయంతి.

"మెషీన్ పాతది చెల్లెమ్మా, దాని ఖర్మ."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"పొడిని గాజుపలకతో అదిమి చదును చేస్తే సరిపోతుంది. నేను చేస్తాను. ఆరు గంటలు రన్ పెడితే..."

"రెండింటికి కాన్ఫరెన్స్ పోస్టర్ ప్రింట్‌కి పంపాలి. ఆరు గంటలంట!" అని నవ్వి, పట్టికలో మైనస్ తుడిచేశాడు. "ఇదిగో, పాయింట్ ఏడు. పుస్తకంలో ఉన్నదానికి దగ్గరే కదా. గ్రాఫ్ తీసేద్దాం, ఎవడు చూడొచ్చాడు? రెండో పేరు నీదే. పోస్టర్‌లో పేరుంటేనే పీహెచ్‌డీ సీటిస్తానన్నాడు ప్రొఫెసర్, మర్చిపోకు."

దమయంతి మర్చిపోలేదు. మేలో ఎమ్మెస్ అయిపోతే, ఆ సీటు తప్ప ఆమెకి ఇక్కడ ఉండే దారి లేదు. అతని భుజం మీదుగా చెయ్యి చాచి, కీబోర్డు మీద తన పేరు చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా తుడిచేసింది.

"పిచ్చా నీకు?"

"మీకున్న తెలివి లేదన్నా."

ఆ సాయంత్రమే పొడి అదిమి, చదును చేసి, తన పేరు మీద మెషీన్ బుక్ చేసుకుంది. మర్నాటికి గీత చక్కగా కిందికి దిగింది. పాయింట్ ఎనిమిది, మైనస్ లేకుండా. రెండు గ్రాఫులూ పట్టుకెళ్లి, ఇద్దరికీ అడ్వైజరైన ప్రొఫెసర్ హాల్వర్సన్ బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు చూశాడు. ఆయనకి అంతా అర్థమైంది. అర్థమయ్యాక పోస్టర్ వెనక్కి తెప్పిస్తాడనుకుంది.

"కాన్ఫరెన్స్ అయ్యాక చూద్దాం," అన్నాడు. "పోస్టర్ మీద నా పేరు కూడా ఉంది కదా. ఈలోగా ఇది మన మధ్యే ఉండనీ. నీ సీటు గురించి నువ్వు బెంగపడకు."

ఉమాకాంత్‌ది ఒట్టి సోమరితనం. ఈయన మాత్రం చూసి, తెలిసి, బేరమాడుతున్నాడు. దమయంతికి కోపం కూడా రాలేదు. ఈగ పడిన పాలగ్లాసుని పక్కకి జరిపినట్టు ఆయన్ని మనసులోంచి జరిపేసింది. గ్రాఫులు తిరిగి తీసుకుని, థాంక్స్ అనకుండా బయటికొచ్చింది.

డిపార్ట్‌మెంట్ ఆఫీసులో సెక్రటరీ తలెత్తి ఏం కావాలని అడిగింది.

"అడ్వైజర్‌ని మార్చుకునే ఫారం," అంది దమయంతి. "ఇంకెవరి దగ్గరైనా ఖాళీ ఉందో లేదో కూడా చెప్పండి."