వద్దనడానికి కారణం

ఒక మనిషి ‘నాకు వద్దు’ అని ఎన్నిసార్లు చెబితే అది చెప్పినట్టు లెక్క? గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు కట్టే అట్టలాయన మూడేళ్ళుగా ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు. అడిగించుకున్నవాళ్ళలో ఒక్కరూ జవాబివ్వలేదు.

ఉదయం ఎనిమిదిన్నర. గ్రంథాలయం వెనకగదిలో ఆయన కుట్టుదారాన్ని మైనపుముద్ద మీదుగా లాగి పక్కన పెట్టి, ఫోను తీసి, మెయిల్‌లో వచ్చిన ఉత్తరాలు ఒక్కొక్కటే చెరుపుతున్నాడు. తెల్లారేసరికి ముప్ఫై ఏడు చేరాయి. ‘మీ చక్రం మీకోసమే ఆగి ఉంది.’ ‘అంతటి అదృష్టవంతులు, ఎక్కడికి మాయమయ్యారు?’ ‘తిరిగి రండి, మీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు.’ అన్నీ ఆన్‌లైన్ కాసినోల పిలుపులే. ప్రతిదానిలోనూ ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంటుంది. ఆయన్ని అలా పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరూ మిగలలేదు.

పొట్టి మనిషి. నలభై ఏళ్ళు పుస్తకాలు బిగించే ఇనుప ప్రెస్సు పిడి తిప్పీ తిప్పీ కుడిభుజం ఎడమదానికన్నా కిందికి దిగిపోయింది. గోళ్ళ అంచుల్లో ఎండిన జిగురు. కళ్ళజోడు కాడ విరిగితే పుస్తకాలు కుట్టే దారంతోనే కట్టుకున్నాడు, అదీ పుస్తకం కుట్టినంత శుభ్రంగా. చిరిగిన పుస్తకం చేతికొస్తే ముందు దాని వెన్ను నిమిరి చూడటం ఆయన అలవాటు.

కూతురు పట్టా అందుకున్న రోజున ఆయన సభలో లేడు. బయట మరుగుదొడ్డిలో తలుపు గడియ వేసుకుని, ఫోనులో తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. వేదిక ఎక్కిన పిల్ల మొదటి వరసలో ఖాళీ కుర్చీని చూసింది. ఆ వారంలోనే పెట్టె సర్దుకుంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒక్క మాట చెప్పింది: “నీకు ఫోన్ చెయ్యను నాన్నా. నీ గొంతు వింటే కోపమొస్తుంది. నా మనసు మారితే మెయిల్ రాస్తా. ఆ అడ్రస్ మాత్రం మార్చకు.”

ఆ రోజు నుంచి ఆయన జూదం ముట్టలేదు. అడ్రసూ మార్చలేదు. కూతురు ఏ ద్వారాన రావాలో ఆ ద్వారానే దొంగలూ వస్తున్నారు. ఆ ద్వారం మూయడానికి వీల్లేదు.

“బాబాయ్ గారూ, పూజ అయిందా?” అంటూ కౌంటరు మేడమ్ తలుపు దగ్గర నిలబడింది. ఆయన చెరిపివేతకు ఆమె పెట్టిన పేరది. “ఆ చెత్తంతా స్పామ్‌లోకి తోసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? దానంతటదే పోతుంది.”

“పోతుందమ్మా. దాంతోపాటు నా పిల్ల ఉత్తరం కూడా పోతే?”

“అందుకని రోజూ ఆ బురదలో చెయ్యి పెడతారా?”

“ఏం చేస్తాం. ఉంగరం పడింది అందులోనే.”

ఆమె నవ్వబోయి ఆగింది. నిఘంటువు రెండో సంపుటం బల్ల మీద పెట్టింది. “దీని నడుం విరిగింది. మీ నడుం విరక్కుండా చూసుకుని బాగుచెయ్యండి.”

ఆ ఉత్తరాల అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘ఇకపై పంపవద్దు’ అని ఒక మాట ఉంటుంది. అది నొక్కితే ఒక గడి తెరుచుకుంటుంది: కారణం తెలపండి. తక్కినవాళ్ళెవరైనా దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అట్టలాయన ఉద్యోగంలో సెలవుచీటీ కూడా కారణం లేకుండా రాసి ఎరగడు. కిందటి వారం ఆ గడిలో ఓపిగ్గా రాశాడు: ‘అయ్యా, నేను ఆట మానివేసితిని. ఈ చిరునామాకు మా అమ్మాయి నాన్నా అని ఉత్తరం రాయవలసి యున్నది. తమ ఉత్తరాల రద్దీలో అది కనబడకపోవునేమోనని భయముగా నున్నది. దయచేసి ఆపగలరు.’

తనకు ప్రియమైనదేదో చేతులారా రాసిచ్చాడు. దాన్ని చదివింది మనిషో యంత్రమో తెలియదు. చదివి వాడుకున్నది మాత్రం నిజం.

పదకొండు గంటలకు ఉత్తరం వచ్చినట్టు ఫోను మోగింది. పంపినవారి పేరు ఏదో సంస్థది, తెలియనిది. విషయం అన్న చోట: ‘నాన్నా, నన్ను మరిచిపోయావా?’

చేతికున్న జిగురు గుడ్డతో తుడుచుకున్నాడు. చాలలేదనిపించి కుళాయి దగ్గరికి వెళ్ళి కడుక్కుని వచ్చాడు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, కుర్చీ లాక్కుని, నిటారుగా కూర్చుని తెరిచాడు.

చక్రం తిరిగింది. గలగలమని ఆ పాత చప్పుడు. ‘నాన్నలకు మా కానుక, ఒక్క ఆట ఉచితం.’

గది గోడల్లోంచి ఆ చప్పుడు వస్తున్నట్టే తోచింది. బొటనవేలు ఆయన్నడక్కుండానే లేచింది. మూడేళ్ళ తర్వాత కూడా దానికి దారి గుర్తుంది. గాజుపలకకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. రెండో చేత్తో ఆ వేలిని పిడికిట్లో పట్టుకుని, చక్రం అలసి ఆగేదాకా అలాగే కూర్చున్నాడు.

మధ్యాహ్నం కౌంటరు మేడమ్‌కి చెబితే ఆమె ముఖం ఎర్రబడింది. “వాళ్ళ చేతులు పడిపోను! పోలీసులకి కంప్లైంటిద్దాం బాబాయ్ గారూ.”

“ఏమని ఇస్తాం? నాన్నా అని పిలిచారనా?”

మళ్ళీ పనిలో పడ్డాడు. నిఘంటువు పాత దారాలు తెంచి, మడత కాగితాల ఫారాలు సరిచేసి, దబ్బనంతో కొత్త చిల్లులు పొడిచి కుట్టాడు. వెన్నుకు జిగురు పూసి గుడ్డ అతికించాడు. ఎడమచేయి కొంచెం బరువుగా ఉన్నట్టనిపిస్తే రెండుసార్లు విదిలించుకున్నాడు. పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి పిడి బిగించాడు.

మూడింటికి మరొకటి వచ్చింది. పంపినవారి చోట మళ్ళీ ఏదో సంస్థ పేరు, తెలియనిది. విషయం: ‘నాన్నా’. అంతే.

ఆయన చాలాసేపు చూశాడు. చెరపడానికి వేలు జరిపి, ఆ మాటను చెరపడానికి చేతులు రాక ఆగాడు. తెరవనూ లేదు. ఒకే రోజు రెండుసార్లు ఆ పిలుపుకు లేచి వెళ్ళే శక్తి ఆయనలో లేదు. “నీకు దణ్ణం పెడతా, వదిలెయ్,” అని ఫోనుతో అన్నాడు. దాన్ని బల్ల మీద పెట్టి, పక్కనే చెయ్యి మడిచి, దాని మీద తల వాల్చాడు.

అయిదింటికి తాళాలు పట్టుకుని వచ్చిన కౌంటరు మేడమ్, నిద్రపోతున్నాడనుకుని కాసేపు పిలవలేదు.

ఆయన పోయిన మూడోరోజున, వస్తువులు తీసుకువెళ్ళడానికి కూతురు వచ్చింది. కొత్త ఉద్యోగంలో చేరి ఇంకా వారం కాలేదు. మెడలో ఆ సంస్థ గుర్తింపుకార్డు అలాగే ఉంది. మూడింటి ఉత్తరం ఆ సంస్థ చిరునామా నుంచే రాసింది: ‘నాన్నా, ఉద్యోగం వచ్చింది. ముందు నీకే చెప్పాలనిపించింది. కోపం పోయింది. జవాబు రాయి.’

కౌంటరు మేడమ్ ఛార్జింగులో పెట్టి ఉంచిన ఫోను చేతిలోకి తీసుకుంది. కొత్తగా చేరిన నూటపది ఉత్తరాల కింద తనది కనబడింది. అక్షరాలు నల్లగా, లావుగా, తెరవని ఉత్తరాలు ఉండే తీరులోనే ఉన్నాయి. దానికి నాలుగు గంటల ముందు వచ్చిన కాసినో ఉత్తరం మాత్రం తెరిచి ఉంది. ఆమె ఆ రెంటినీ మార్చి మార్చి చూసింది. “అయితే మానలేదన్నమాట,” అంది, ఎవరితోనూ కాదు. ఫోనును బోర్లించి, బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది. అప్పుడు కౌంటరు మేడమ్, ఆయన వస్తువులు అప్పగించినట్టు రాయించుకోవడానికి, బయట సంతకాల పుస్తకం వెతుకుతోంది.

ఆయన ఒకదాన్ని ఎందుకు తెరిచాడో, ఇంకోదాన్ని ఎందుకు తెరవలేదో ఆ పిల్లకు తెలియదు. మీకు తెలుసు. ఆమె ఇంకా మెట్లు దిగుతూనే ఉంది, ఫోను ఇంకా బల్ల మీదే, బోర్లా పడి, అంచుల వెంట వెలుగుతూ ఉంది. దాన్ని తీసుకుని వెళ్ళి ఆమెకు చెప్పండి.