గుడ్డికోత

నోటీసు బోర్డు దగ్గర గుంపు చెదిరిపోయాక కూడా లేతు మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. షెడ్డుకి కొత్త ఫోర్‌మన్ కావాలట. అర్హత: ఇంజనీరింగ్ డిగ్రీ గానీ, దానికి సమానమైన వృత్తి సర్టిఫికెట్ గానీ. ఆ ‘సమానమైన’ అన్న మాట దగ్గర అతని ఛాతీ ఉబ్బింది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, తల నెరిసి రాలిపోయే వయసులో మళ్ళీ బెంచీ ఎక్కి, పగలంతా మిషను తిప్పి సాయంత్రాలు కునికిపాట్లు పడుతూ సంపాదించిన సర్టిఫికెట్ అతనిది. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ముక్క చదివాక ఉబ్బిందంతా దిగిపోయింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు మిషను మీద పని చేసి చూపించాలి. డిగ్రీ ఉన్నవాళ్ళకు అక్కర్లేదు.

“సమానమట!” అన్నాడు గోడతో. “ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి వాళ్ళకి పరుపు, నాకు మేకులూనా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఫిట్టరు. చేతులు పాత గుడ్డతో తుడుచుకుంటూ తీరిగ్గా నిలబడ్డాడు.

“మేస్త్రీ, ఇంకో దరఖాస్తు కూడా పడింది, తెలుసా?”

“ఎవరిది?”

“మీ అల్లుడు గారిది. డిగ్రీ అల్లుడే కావాలన్నారుగా. ఇదిగో, అక్కరకొచ్చాడు.”

ఫిట్టరు నోట్లో ఆ ఎకసెక్కెం ఎందుకు నానుతోందో మేస్త్రికి బాగా తెలుసు. అంతకు ముందెప్పుడో ఇదే ఫిట్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటికొచ్చి, మీ అమ్మాయిని చేసుకుంటాను మేస్త్రీ అని అడిగాడు. “గ్రీజు చేతులకి నా కూతుర్ని ఇవ్వను” అని గుమ్మంలోంచే పంపేశాడు. ఏడాది తిరక్కుండా ఆ షెడ్డుకే మరమ్మతుల ఇంజనీరుగా వచ్చిన కుర్రవాడికి ఇచ్చి చేశాడు. పెళ్ళిలో అల్లుడి పేరు చెప్పినప్పుడల్లా పక్కనే డిగ్రీ కూడా చెప్పాడు, ఇంటిపేరు చెప్పినట్టు.

షెడ్డులో అతన్ని వెంట్రుక మేస్త్రి అంటారు. తల మీద ఒక్కటి లేకపోయినా పేరు మాత్రం అదే. కారణం అతని మిషను. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ చెక్కే ముసలి లేతు. బేరింగులు అరిగిపోయి, టూలు ఆనగానే తిరుగుతున్న ఇనుము వెనక్కి ఒదిగేది, చెప్పినంత కోత తెగేది కాదు. అందుకని కోత లోతు పెట్టే డయలుని కావాల్సినదానికంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువ తిప్పేవాడు. ఆ వెంట్రుకవాసి ఎంతో అతని మణికట్టుకు తప్ప ఎవరికీ తెలియదు. వేరేవాళ్ళు ఆ లేతు ముట్టుకుంటే పని పాడయ్యేది. అది అతని గర్వం, అతని కోట, అతని ఆస్తి.

ఆ షెడ్డులో పాతవాళ్ళకు ఇంకో పట్టింపు ఉంది. మిషన్లలో తిరిగే ఇరుసు, అదే షాఫ్టు, చెక్కేటప్పుడు ఆఖరి కోతకు ముందు ఒక్కసారే కొలుస్తారు. కోత వేశాక మళ్ళీ మైక్రోమీటరు ముట్టుకోరు. షాఫ్టు తుడిచి, చేయించుకున్నవాడి చేతిలో పెడతారు. వాడే దాన్ని అది కూర్చోవాల్సిన గొట్టంలో, అంటే బుష్‌లో దోపి చూసుకోవాలి. దాన్ని గుడ్డికోత అంటారు. గుడ్డికోత వేయలేనివాణ్ణి మేస్త్రి అని పిలవరు, ఎంత వయసొచ్చినా.

షెడ్డు వార్షిక సెలవుల ఆఖరి రోజున కూతురూ అల్లుడూ మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. మర్నాడే పరీక్ష.

“అల్లుడు గారికి పరీక్ష లేదటగా,” అన్నాడు మేస్త్రి, కూర వడ్డిస్తున్న భార్యతో, అల్లుడు ఎదురుగా లేనట్టు. “కుర్చీ వేసుకుని చూస్తారట. సర్కస్‌కి వచ్చినట్టు.”

“రూలు నేను పెట్టలేదు మామయ్యా.”

“దరఖాస్తు నువ్వే పెట్టావుగా?”

“పెట్టకూడదా నాన్నా? ఆయన మాత్రం ఎన్నాళ్ళని అక్కడే ఉంటారు?” అంది కూతురు.

“నీ మొగుడు పలక మీద సున్నాలు దిద్దుకునే రోజుల నుంచీ నేను ఆ మిషను తిప్పుతున్నానే. వీళ్ళ డిగ్రీలో ఏం నేర్పుతారు? మిషను బొమ్మ గీయడం. బొమ్మ మీద షాఫ్టు తయారవుతుందా?”

“డిగ్రీవాడే కావాలని ఇంటి కప్పు ఎగిరేలా అరిచింది మీరేగా?” అంది భార్య గరిటె గిన్నెలో వేసి. “ఆ ఫిట్టరబ్బాయి వస్తే గ్రీజు చేతులన్నారు. ఆవేళ మీ చేతులు ఒకసారి చూసుకోవాల్సింది.”

కూతురు తల వంచుకుంది. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు తగ్గించుకుని మొదలుపెట్టాడు.

“మామయ్యా, ఒక్క మాట. సెలవుల్లో మీ మిషనుకి…”

“నా మిషను సంగతి నువ్వు నాకు చెప్తావా?”

“అది కాదు, వినండి. బేరింగులు…”

మేస్త్రి సగం అన్నం వదిలేసి లేచాడు. పెరటి గుమ్మం దగ్గరున్న కుళాయి పూర్తిగా తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. అల్లుడు వెనకే వచ్చి ఆ వీపుతోనే చెప్పాడు: “బేరింగులు మార్పించాను. పాత లెక్క పనికిరాదు. కాస్త చూసుకోండి.”

నీళ్ళ చప్పుడు పెద్దదే. కానీ అంత పెద్దదేం కాదు. మేస్త్రి చేతులు శుభ్రమయ్యాక కూడా చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు షెడ్డు తలుపులు తెరిచేసరికి మూసి ఉంచిన గాలి, తుప్పు, కొత్త నూనె వాసన. లేతు ఎదురుగా రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో మేనేజరు, ఇంకోదాంట్లో అల్లుడు. ఫిట్టరు స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. మిగతావాళ్ళు పని ఉన్నట్టు నటిస్తూ అక్కడక్కడే తిరుగుతున్నారు.

మేస్త్రి మిషను ఆన్ చేశాడు. మోత మెత్తగా ఉంది. ఇన్నాళ్ళు ఆగిందిగా, కొత్త గ్రీజు పెట్టి ఉంటారు అనుకున్నాడు. మొదటి కోత అనుకున్నదానికంటే కొంచెం లోతుగా తెగింది. టూలు కొత్తగా నూరి పెట్టుకున్నానుగా, పదును అనుకున్నాడు. కుర్చీలో అల్లుడు ముందుకు వంగి ఏదో అనబోయాడు. మేస్త్రి చూసిన చూపుకి మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు.

ఆఖరి కోతకు ముందు కొలిచాడు. మైక్రోమీటరు పెట్టెలో పెట్టి మూత వేశాడు, అందరికీ వినపడేలా. డయలు తిప్పాడు. ఆపైన, మణికట్టు తనంతట తానే, ఒక వెంట్రుకవాసి.

ఇనుప చీలికలు నీలంగా, ఉంగరాలు తిరుగుతూ రాలాయి. అద్దంలా తేలింది షాఫ్టు. తుడిచి మేనేజరు చేతిలో పెట్టాడు. మేనేజరు దాన్ని బుష్‌లో దోపాడు.

దోపనక్కర్లేకపోయింది. దానంతట అదే జారిపోయి, లోపల లొడలొడలాడింది.

ఎక్కువ ఉంటే మళ్ళీ చెక్కవచ్చు. తక్కువైన ఇనుముకి మందు లేదు. షెడ్డులో నటిస్తున్నవాళ్ళంతా నటించడం మానేశారు.

మేనేజరు షాఫ్టు వైపు కాదు, మిషను వైపు చూశాడు. “దీనికేమైనా మరమ్మతు చేశారా?”

“బేరింగులు మార్చాం సార్,” అన్నాడు ఫిట్టరు స్తంభం దగ్గర్నుంచి. “నా చేత్తోనే బిగించాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.”

“మరి ట్యాగ్ ఏదీ?” మేనేజరు అల్లుడి వైపు తిరిగాడు. మరమ్మతు చేసిన మిషనుకి పిడి దగ్గర ఎర్ర ట్యాగ్ కట్టాలి. నడిపేవాడు దాని మీద సంతకం పెట్టాకే మిషను ముట్టుకోవాలి. “చదువుకున్నావు, ఆమాత్రం తెలియదా?”

“ఇంట్లో చెప్పాను కదా అని… కట్టలేదు సార్.” అన్నాడు అల్లుడు.

“ఇల్లూ షెడ్డూ ఒకటేనా?” మేనేజరు విసుగ్గా మేస్త్రి వైపు చూశాడు. “చెప్పాడా మేస్త్రీ? ఆలోచించి చెప్పు. చెప్పలేదంటే ఈ పరీక్ష లెక్కలోకి రాదు. రేపు మళ్ళీ చేద్దువు. ఈయన దరఖాస్తు సంగతి నేను చూసుకుంటాను.”

లేదు. ఒక్క మాట. అది అంటే చాలు: ఫోర్‌మన్ గది, గాజు తలుపు, బల్ల మీద సర్టిఫికెట్. అల్లుడు మింగిన గుటక మెడ మీద పైకీ కిందకీ కదలడం మేస్త్రికి కనిపించింది. కుర్చీలో కూర్చుని సర్కస్ చూడవచ్చిన మనిషి! ఆ పక్కన ఫిట్టరు నవ్వీ నవ్వనట్టు చూస్తున్నాడు. ‘లేదు’ అంటే చాలు, వాడే ముందు వంత పాడతాడు. ఆ తర్వాత షెడ్డంతా చెప్పుకుంటూ తిరుగుతాడు: వెంట్రుక మేస్త్రికి పక్కనుండి ఎవరో చెప్తేగానీ తన మిషను సంగతి తెలియదట, అని. మోత మారింది. కోత మారింది. రెండూ తన చెవిలో, తన చేతిలో పడ్డాయి. చెప్పలేదనడమంటే, చెప్పించుకోవాల్సినవాణ్ణని ఒప్పుకోవడం.

కుళాయి చప్పుడు గుర్తొచ్చింది.

“చెప్పాడు,” అన్నాడు.

“మరి?”

“డిగ్రీవాడు చెప్పాడని వినలేదు. అదిగో, ఆ ఫిట్టరు చెప్పినా వినేవాణ్ణి. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పినా వినేవాణ్ణి. రాసుకోండి, మళ్ళీ అడక్కండి.”

ఫిట్టరు మొహంలో నవ్వు ఆరిపోయింది. మేనేజరు భుజాలు ఎగరేసి లేచాడు. అల్లుడు మాత్రం కదల్లేదు. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చాడు.

“మామయ్యా… నన్ను కాపాడారు.”

“నిన్నెవడు కాపాడాడు? నీ మీద జాలిపడే తీరిక నాకు లేదు. తప్పుకో, వెలుతురుకి అడ్డం.”

వారం తిరక్కుండా అల్లుడు ఫోర్‌మన్ అయ్యాడు. మొదటిరోజు గాజు గదిలోంచి నేరుగా లేతు దగ్గరికి వచ్చి, పిడికి ఎర్ర ట్యాగ్ కట్టి, పెన్ను చాచాడు.

“సంతకం పెట్టండి.”

“ఏం రాసుంది అందులో?”

“మీకు చదవడం వచ్చుగా మామయ్యా.”

“నాది వృత్తి సర్టిఫికెట్. చేసి చూపించడం వరకే. చదవడం నీ డిగ్రీ పని. చదువు.”

చుట్టూ మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అల్లుడు మొదట కోపంగా చూశాడు. తర్వాత ట్యాగ్ చేతిలోకి తీసుకున్నాడు. “బేరింగులు మార్చబడినవి. నడుపువారు…”

“గట్టిగా. ఇంట్లో చెప్పినట్టు కాదు.”

అల్లుడు గట్టిగానే చదివాడు. షెడ్డంతా వింది. మేస్త్రి సంతకం పెట్టి, పెన్ను అతని చేతికివ్వకుండా జేబులో దోపి, మిషను ఆన్ చేశాడు.

ఆ రోజంతా డయలు ఎంత చెప్తే అంతే తిప్పాడు. ప్రతిసారీ మణికట్టు ఆ వెంట్రుకవాసి కోసం లాగేది. పళ్ళు బిగించి ఆపుకునేవాడు. ఒక్క షాఫ్టు కూడా తేడా రాలేదు. బుష్‌లో సరిగ్గా కూర్చున్న ప్రతిసారీ, అది తన చెయ్యి కాదు, ఆ గాజు గదిలో కూర్చున్నవాడి బేరింగు అని గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయేది.