పెన్సిలుతో రాసిన మాట

మా ఆఫీసులో పెన్నుతో రాసేది ప్రభుత్వం కోసం, పెన్సిలుతో రాసేది మా కోసం. ఫైలు గురించి మాలో మేము చెప్పుకోవలసిన మాటేదైనా ఉంటే కాగితం అంచున సన్నగా రాసి పై అధికారికి పంపుతాం. పని ముగిశాక తుడిచేయాలన్నది లెక్క. ఎవరు తుడుస్తారు? ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనైతే తుడిచిన పాపాన పోలేదు.

ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. ఎవరి ఫైలు వాళ్ళు అడిగి చూసుకోవచ్చు. అడిగినప్పుడు ఒక్క అక్షరం మార్చకుండా స్కాన్ చేసి, కంప్యూటర్ తెర మీద చూపించాలి. మంచి పనే అన్నాను అందరితో పాటు. మన కొంప మీదికి రానంతవరకూ అన్నీ మంచి పనులే.

స్కానింగ్ చేసే అమ్మాయి నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరింది. మంగళవారం పొద్దున ఒక ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించింది.

"మేడం, ఇది మీ చేతిరాతే కదూ?"

తొమ్మిదేళ్ళ నాటి దరఖాస్తు అది. పక్షవాతం వచ్చిన భర్తకు వ్యాయామం చేయించడానికి ఇంటికి మనిషిని పంపమని ఒకావిడ పెట్టుకుంది. అలా మనుషుల్ని పంపించడమే మా సెక్షన్ పని. అంచున నా గుండ్రటి అక్షరాలు: 'ఏడుపంతా నాటకం. తొందరేమీ లేదు.'

చూడగానే గుర్తొచ్చింది. ఆవిడ కౌంటరు ముందు నిలబడి భోరున ఏడ్చింది. నా ముక్కు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, పక్కింట్లో పాలు మాడినా ఇక్కణ్ణుంచే చెబుతాను. ఆవిడ కళ్ళ కింద నుంచి తలనొప్పి బామ్ వాసన గుప్పుమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా దగ్గరా ఈ వేషాలు అనుకున్నాను. అంతే, ఫైలు కట్ట అడుక్కి పోయింది. మా మనిషి వాళ్ళింటి గడప తొక్కేసరికి నాలుగు నెలలు పట్టింది.

"తుడిచేయండి మేడం. ఇంకా స్కాన్ చేయలేదు. నేనసలు చూడనే లేదు," అంటూ ఆ పిల్ల తన రబ్బరు కూడా ఇచ్చింది. బంగారుతల్లి.

అబద్ధమెందుకు, రబ్బరు తీసుకుని కాగితానికి ఆనించాను కూడా. రిటైరవడానికి ఏడు నెలలుంది, ఇప్పుడెందుకీ రొష్టు అనిపించింది. అంతలో ఆవిడ కొత్తగా పెట్టుకున్న అర్జీ కనబడింది. ఫైలు ఎందుకు చూడదలచారు అన్న గడిలో ఇలా రాసింది: 'నాలుగు నెలలు ఆలస్యమైంది. కాగితాల్లో నేనేదో తప్పు రాసి ఉంటాను. అదేమిటో తెలుసుకోవాలి.'

లేని తప్పును తొమ్మిదేళ్ళుగా నెత్తిన మోస్తోంది. నేనిది తుడిచేస్తే చచ్చేదాకా మోస్తుంది. రబ్బరు తిరిగిచ్చేశాను.

"ఉన్నదున్నట్టు స్కాన్ చెయ్యవే," అన్నాను. 

మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. నా ఈడుదే. తెర ముందు కుర్చీ వేసి, పక్కన నేను కూర్చున్నాను. అమ్మాయి ఒక్కో పేజీ జరుపుతుంటే ఆవిడ వేలు పెట్టి చదివింది. తన దరఖాస్తు వచ్చేసరికి ప్రతి గడీ రెండేసిసార్లు చూసుకుంది, తప్పెక్కడుందో అని. ఆ తర్వాత అంచు వైపు చూసింది.

"ఇదెవరు రాశారమ్మా?"

"నేనే," అన్నాను. "మీ కాగితాల్లో ఏ తప్పూ లేదమ్మా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నటిస్తున్నారని కోపమొచ్చి మీ ఫైలు అడుగున పడేశాను. తప్పంతా నాది. క్షమించమని అడగడానికి నాకు మొహం కూడా లేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ ఆ మాట మీదే వేలు పెట్టి, "నాటకమేనమ్మా," అంది.

"నాకు ఏడుపు రాలేదు. రాత్రంతా ఆయన్ని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి. తెల్లారితే వంట, మందులు, ఇంకో ఇంట్లో పని. ఏడవడానికి తీరికేదీ? పక్కింటావిడ చెప్పింది, అడగందే అమ్మైనా పెట్టదు, ఏడవందే ఆఫీసు కదలదు అని. బామ్ డబ్బా కూడా ఆవిడే ఇచ్చింది."

సిగ్గుతో తల వంచుకున్నాను. వాసన పట్టాను గానీ మనిషిని చూడలేదు.

"ఆయనెలా ఉన్నారు?" అన్నాను. అప్పుడే అడగాల్సిన మాట.

"బయట బెంచీ మీదున్నారు. నడుస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం రాలేదమ్మా. టైలరు పని ఆయనది. ముందే మొదలుపెట్టి ఉంటే వేళ్ళు కదిలేవేమో అన్నారు డాక్టరు. అప్పట్నుంచీ నావల్లే అనుకుంటున్నా."

"పదండి, ఆయనకి నేనే చెబుతాను."

"ఇప్పుడెందుకులెండి," అంది. ఒకరు చెబితే వినే రకాన్నా నేను?

బెంచీ మీద బక్కపలచటి మనిషి. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. చొక్కా గుండీ ఒకటి తప్పి, ఒక అంచు పైకి పోయింది. అన్నీ చెప్పాను: ఆవిడ ఏడుపు, బామ్, నా పెన్సిలు, నాలుగు నెలలు, తప్పు తనదేనని ఆవిడ ఇన్నేళ్ళూ కుమిలిపోవడం. ఆ చెయ్యి చూపించి నన్ను నిలదీస్తాడనుకున్నాను. అతను తన చెయ్యి వైపు చూడనే లేదు. భార్య వైపు చూశాడు.

"ఏడ్చావా నువ్వు? నా ముందు ఒక్కనాడూ కన్నీళ్ళు పెట్టలేదే. గట్టిదానివి, తట్టుకుంటున్నావులే అనుకున్నా."

"అది నిజం ఏడుపు కాదండీ..."

"అలాగేలే. ముందు ఇలా వచ్చి కూర్చో," అని ఎడంచెయ్యి ఆనించి పక్కకి జరిగాడు. "పిచ్చిమొహమా, నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

ఆవిడ కూర్చుంది. రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఆగకుండా, గొంతు విడిచి ఏడ్చింది. అతను ఎడంచేత్తో ఆవిడ వీపు నిమురుతూ "కానీ, ఏడ్చెయ్" అంటున్నాడు. నా కళ్ళూ ఊరుకోలేదు.

కౌంటరు ముందున్న వాళ్ళంతా మెడలు చాచారు. "ఏం, మనుషులు ఏడవడం ఎప్పుడూ చూళ్ళేదా? అటు తిరగండి!" అని కసిరి, ఆవిడ ఏడుపు తీరేదాకా వాళ్ళిద్దరికీ అడ్డంగా నిలబడ్డాను.