గడియ ఎటువైపు

“ఒక్క మాట తగ్గితే నీ సొమ్మేం పోయింది?” అని అత్తగారు అనాల్సిన అవసరం ఆ ఇంట్లో పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ గొంతు సవరించుకునేలోపే కోడలు తడిచేతులు తుడుచుకుంటూ వెళ్ళి పడగ్గది తలుపు ముందు నిలబడేది. లోపల భర్త గడియ పెట్టుకుని ఉండేవాడు. అతను అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషి అసలే కాదు. ఆ సంగతి చుట్టాలందరూ మెచ్చుకుంటారు. కోపం వస్తే తలుపేసుకుంటాడు, అంతే. చొక్కా ఇస్త్రీ కాలేదనో, ఆడపడుచుతో ఫోన్లో ముక్తసరిగా మాట్లాడిందనో, ఒక్కోసారి ఎందుకో చెప్పకుండానే. ఈమె బయట నిలబడి, “ఏమండీ, తప్పు నాదే, తలుపు తియ్యండి” అనేది. మొదటిసారికి ఉలుకూ పలుకూ ఉండదు. రెండోసారికి మంచం కిర్రుమంటుంది. మూడోసారో నాలుగోసారో గడియ కదులుతుంది. ఆ చప్పుడు వినబడగానే ఆమెకు పోయిన ప్రాణం లేచి వచ్చేది.

ఉద్యోగమూ అందుకు తగ్గట్టే దొరికింది. బట్టలుతికే మెషిన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజుకి ఎనభై తొంభైమందికి “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం” అని చెప్పాలి. ఆ మెషిన్ చేసింది ఆమె కాదు, అమ్మింది ఆమె కాదు, నీళ్ళు కారి పాడైన గది ఆమెది కాదు. అయినా చింతించాల్సింది మాత్రం ఆమే. పక్క సీట్లవాళ్ళు రెండు తిట్లు పడగానే ఆ కాల్‌ని ఈమెకి తోసేసి టీకి పోయేవాళ్ళు. “మా సారీ మేడం ఉండగా మనకేం దిగులు?” అనేవాడు పైఅధికారి. అది పొగడ్త అనుకుని ఆమె నవ్వేది కూడా.

బతుకంతా ఇలాగే వెళ్ళిపోయేదేమో. ఒక మధ్యాహ్నం తలనొప్పితో ఆఫీసు నుంచి ముందుగా వచ్చి, ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏడవడానికి కాదు, ముఖాన కాసిని చన్నీళ్ళు చల్లుకుందామని. కొళాయి కట్టేసేసరికి బయటినుంచి సన్నగా గొంతు వినిపించింది. తొమ్మిదేళ్ళ కూతురు.

“సారీ అమ్మా. నేనేం చేశానో నాకు తెలీదు. కానీ సారీ. తలుపు తియ్యవూ?”

ఆమె తలుపు తీసింది. పాప ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని, తల్లి కనుబొమ్మల వంకే చూస్తూ నిలబడి ఉంది. అలా నిలబడటం ఈ పిల్లకి ఎవరూ నేర్పలేదు. ఎక్కడ నేర్చుకుందో ఆమెకు తెలుసు. తల్లినుంచి కూతురికి నగలు రావాలి, చీరలు రావాలి, ఇదా రావలసింది?

ఆ వారమే ఆమె ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్ళింది. ఇంట్లో మాత్రం పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పింది.

థెరపిస్టు నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పెద్దావిడ. తొందరపడి మాట్లాడే రకం కాదు. “దీన్ని స్కీమా థెరపీ అంటారమ్మా. పేరు చూసి భయపడకండి. చిన్నపిల్లకి కావలసింది ఇంట్లో దొరక్కపోతే, ఆ ఇంట్లో ఎలాగోలా బతకడానికి మనసు ఒక పద్ధతి నేర్చుకుంటుంది. అప్పట్లో అది కాపాడుతుంది కూడా. తర్వాత ఇల్లు మారుతుంది, మనుషులు మారతారు. పద్ధతి మాత్రం అదే. మీది ఎక్కడ మొదలైందో చూద్దామా?” అంది.

చూడటానికే నెలరోజులు పట్టింది. ఏది అడిగినా ఆమె ముందు “మా అమ్మ చాలా మంచిదండీ” అని ఒక మాట అడ్డం పెట్టేది. అయిదోవారం థెరపిస్టు ఖాళీ కుర్చీ ఒకటి ఎదురుగా లాగి, అందులో మీ అమ్మగారు కూర్చున్నారనుకోండి, ఇన్నేళ్ళూ చెప్పలేకపోయింది చెప్పండి అంది. ఆమె నిటారుగా కూర్చుంది. గొంతు సవరించుకుంది. “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం” అంది.

తన నోట్లోంచి వచ్చింది తనే విని ఆమె బిక్కమొహం వేసింది. థెరపిస్టు నవ్వు బిగబట్టింది కానీ ఆగలేకపోయింది. ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి, ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో తెలియకుండా ఆమె ఏడ్చింది. అరగంటసేపు ఏడ్చింది. ఒక్కసారి కూడా సారీ చెప్పలేదని బయటికి వచ్చాక గుర్తొచ్చింది.

ఆ తర్వాతివారం థెరపిస్టు కళ్ళు మూసుకోమంది.

“ఎక్కడున్నారు?”

“మా ఇంట్లో. తలుపు బయట. నాకు ఏడేళ్ళు.”

ఆకుపచ్చ తలుపు. కింద రంగు ఊడినచోట పిట్ట ఆకారం. అమ్మ నిన్నటినుంచి లోపలే ఉంది, మాట్లాడదు. “అమ్మకి కోపం తెప్పించావుగా, ఇక నువ్వే చూసుకో” అని నాన్న పనికి వెళ్ళిపోయాడు. ఏం చేసి తెప్పించిందో ఆ పిల్లకి తెలియదు. పుస్తకాల సంచి భుజాన వేసుకుని, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుని, తెలిసిన తప్పులన్నీ ఒక్కొక్కటే ఒప్పుకుంటోంది. పెన్సిల్ పోగొట్టినందుకు సారీ. పాలు ఒలికినందుకు సారీ. గట్టిగా నవ్వినందుకు సారీ.

“ఇప్పుడు పెద్దయిన మీరు ఆ పాప దగ్గరికి వెళ్ళండి. ఏం చెప్తారు?”

“ఇంకో రెండుసార్లు చెప్పెయ్యవే, తీసేస్తుంది, బడికి టైమవుతోంది అని చెప్తాను.”

థెరపిస్టు తన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. తర్వాత మెల్లగా, “నేను రావచ్చా అక్కడికి?” అంది. ఆ తలుపు దగ్గరికి వస్తానని అంతవరకూ ఆమెతో ఎవరూ అనలేదు. కళ్ళు తెరవకుండానే తల ఊపింది.

“పాపా, నువ్వేం తప్పు చెయ్యలేదు. అమ్మకి ఏదో బాధగా ఉంది. అది అమ్మ బాధ. దాన్ని తీర్చడం ఏడేళ్ళ పిల్ల పని కాదు. ఒకసారి ఆ తలుపు చూడు. గడియ ఎటువైపు ఉంది?”

ఆమె మూసిన కళ్ళతో ఆ ఆకుపచ్చ తలుపంతా పైనుంచి కిందికి వెతికింది. చాలాసేపు వెతికింది.

“లోపలివైపు” అంది.

తెల్లారేసరికి మనిషి మారిపోలేదు. కుర్చీ కాలికి తగిలితే కుర్చీకి సారీ చెప్తూనే ఉంది. థెరపిస్టు రాయించిన చిన్న కార్డు ఒకటి ఫోన్ కవరులో పెట్టుకుంది: “నాకిప్పుడు భయంగా ఉంది. ఈ భయం పాతది. ఇప్పుడు నా వయసు ముప్పై ఎనిమిది.” ఒకరోజు పక్కసీటతను తిట్లకాల్ తోసేస్తే, “ఇది మీ కాల్ అండీ” అని వెనక్కి పంపింది. ఆ తర్వాత పది నిమిషాలదాకా ఇంకో కాల్ ఎత్తలేకపోయింది. ఆఫీసేమీ కూలిపోలేదు.

ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త, “ఎన్ని పళ్ళున్నాయి నీకు, ఇన్ని వారాలు పీకుతున్నాడు?” అన్నాడు. ఆమె నిజం చెప్పేసింది. అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“అంటే ఇంటి గుట్టంతా బయట పరుస్తున్నావన్నమాట.”

లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. తలుపు పడింది, గడియ పడింది.

ఆమె కాళ్ళు వాటంతటవే లేచాయి. రెండడుగులు వేసి టేబుల్ అంచు పట్టుకుని ఆగిపోయింది. అలా ఆగడం ఎన్నడూ చూడని అత్తగారు కంగారుపడి, పదకొండేళ్ళుగా దాచుకున్న మాట తీసింది. “అదేంటమ్మా, ఒక్క మాట తగ్గితే నీ సొమ్మేం పోయింది?”

ఏం పోయిందో ఆమె అప్పుడు చూసింది. తనకంటే ముందు కూతురు వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడి ఉంది. పాదం మీద పాదం. “నాన్నా, అమ్మ బదులు నేను సారీ చె...”

ఆమె గబగబా వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. తలుపు వైపు తిరిగి, “ఏమండీ, మీ కంచం మూత పెట్టి ఉంచుతాను. మాట్లాడాలనిపించినప్పుడు రండి, మాట్లాడుకుందాం” అంది. ఆ మాటకి ముందుగానీ వెనకగానీ ఇంకేమీ తగిలించలేదు. పాపని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుని, చల్లారిన అన్నం కలపడం మొదలుపెట్టింది. అత్తగారు ఇద్దర్నీ, తలుపునీ మార్చి మార్చి చూస్తోంది.

పాప ముద్ద నోట్లో పెట్టుకోలేదు. “మరి నాన్న తలుపు తియ్యకపోతే?” అంది గుసగుసగా.

“గడియ నాన్నవైపే ఉంది తల్లీ” అంది ఆమె. “నువ్వు అన్నం తిను.”