భాలుబాసా నుయ్యి ఏ విభాగం?

1987 వేసవిలో టాటానగర్ దగ్గరి భాలుబాసా బస్తీలో తెలుగువాళ్ళ నూతిలో నీళ్ళు పసుప్పచ్చగా మారాయి. వెనక వీధిలో ఇనప తీగలను యాసిడ్‌తో కడిగే కార్ఖానా మురుగు నేలలోకి ఇంకుతోంది. పిల్లలకు ఒంటినిండా దద్దుర్లు. బస్తీ ఆడవాళ్ళు అడగబోతే యజమాని గేటు తీయలేదు.

నూకాలమ్మ ఊరుకోలేదు. ఆమె మొగుడు వరహాలు టాటానగర్ లోకోషెడ్డులో ఫిట్టరు.

"రైలు పాసుంది కదేటి? ఢిల్లీ ఎల్దాం పద," అంది.

"అక్కడెవుళ్ని అడుగుతావే?"

"పర్యావరణానికి మంత్రిత్వ శాఖుందని రేడియోలో చెప్పినారు. ఆళ్ళనే."

నూతి నీళ్ళు సీసాలో పట్టుకుని రైలెక్కారు.

ఆ భవనంలో గదికో పని. ఒకచోట అడవులు చూస్తారు. ఇంకోచోట పులులు, తక్కిన అడవి జంతువులు. మరోచోట గంగానది శుద్ధి. అందరూ మర్యాదగానే పై అంతస్తు చూపించారు. వరహాలు మెట్లమీద కూలబడి, "సాల్లేయే, ఎల్లిపోదాం" అన్నాడు. ఆమె మాత్రం కాలుష్య నియంత్రణ విభాగం తలుపు తోసింది.

అక్కడి డైరెక్టరు నెరిసిన జుట్టు బెంగాలీ ఆయన. సీసాను వెలుతురులో పెట్టి చూసి, ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"చట్టాలు, ఆదేశాలు మా పని," అన్నాడు హిందీలో. "కొలిచి చూసేది కేంద్ర కాలుష్య బోర్డు. మీ రాష్ట్రానికైతే రాజధాని పట్నాలో ఉన్న బోర్డు."

వరహాలు ముఖం విచ్చుకుంది. "అచ్చం మన రైల్వేనే! పైన బోర్డు, కిందన జోన్లు, డివిజన్లు."

నూకాలమ్మ డైరెక్టరుకేసి తిరిగి తన బజారు హిందీలో అంది: "అయితే బాబూ, బండి ఆపే ఎర్రజెండా మీరే ఊపాలి. ఊపండి."

ఆయన పకపకా నవ్వాడు. కార్ఖానాలను నేరుగా మూయించే అధికారం నిరుటి చట్టంతో కేంద్రానికి వచ్చిందని చెప్పి, అక్కడికక్కడే ఫోనందుకున్నాడు.

వానలకు ముందే జీపులో బోర్డువాళ్ళు వచ్చి నీళ్ళు పరీక్షించారు. ఆ వెనకే కార్ఖానా మూయమని ఢిల్లీ ఆదేశమూ వచ్చింది. గేటుకు సీలు పడింది.

"ఎవరు ఫిర్యాదు చేసింది?" యజమాని గుడ్లురిమాడు.

"నానే," అంది నూకాలమ్మ.

"నానూ!" పక్కింటి తవిటమ్మ ముందుకొచ్చింది. ఆ వెనక వీధి వీధంతా "నానూ, నానూ" అని అరిచింది. అతను తల దించుకుని కారెక్కాడు.

వానాకాలమంతా నుయ్యి తోడిపోశారు. నీళ్ళు తాగొచ్చని బోర్డువాళ్ళు తేల్చిన రోజు, తవిటమ్మ మొదటి బిందె తోడి నూకాలమ్మ నెత్తిన గుమ్మరించింది. తడిసిన చీరలో ఆమె నడిరోడ్డు మీద చిన్నపిల్లలా గంతులేసింది.