దొరసాని కథకు నేనల్లిన ముగింపు

"కప్పులు బాగా కడిగావా? పోయినసారి సబ్బు వాసన వచ్చిందన్నారు లాయరుగారు" అన్నారు మా ఆయన, హాల్లో కుర్చీలు చూసుకుంటూ. ఆ కుర్చీలు సర్దిందీ నేనే. నెలకోసారి మా ఇంట్లో పుస్తకాల క్లబ్బు. పుస్తకం ఎంచేది ఆయన, మాట్లాడేది ఆయన, చదివేది నేను. ఆఫీసు బస్సులో కొంత, లంచ్ బాక్సు ముందు పెట్టుకుని కొంత చదివి, ఆయన భోజనం చేస్తుంటే కథంతా చెప్పాలి. ఎవరు ఎందుకలా చేశారో, అక్కడ నాకేమనిపించిందో కూడా చెప్పాలి. "ఊఁ, తర్వాత?" అంటూ తింటారు. మర్నాడు హాల్లో నా మాటలే ఆయన నోట వస్తుంటే వంటింట్లో నిలబడి వింటాను. ఇన్నేళ్ళూ దీన్నే సంసారం అనుకున్నాను.

పోయిన నెల ఆయన కథలో ఎవరి చెల్లెలు ఎవరో తప్పు చెబుతుంటే, టీ అందిస్తూ మెల్లగా సరిచేశాను. ఆయన నవ్వేసి, "మా ఆవిడకి అట్ట మీద బొమ్మ చూస్తే చాలు, కథంతా తెలిసిపోతుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఖాళీ కప్పులు ఏరుకుని లోపలికొచ్చాను. "మగాడన్నాక నలుగురిలో ఒక మాట అంటాడమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారు మా అత్తగారు. పెట్టుకున్నాను. ఒళ్ళంతా మండిపోయింది నాకు.

ఈసారి పుస్తకం ఇండియాకొచ్చి కొండ మీద ఇల్లు కట్టుకున్న ఒక దొరసాని కథ. ఆమె, ఆమె తోట, ఆమె దిగులు. పక్కన ఒక వంటమనిషి. కథంతా ఉన్నదున్నట్టు చెప్పి, చివరి అధ్యాయం మాత్రం నేను సొంతంగా అల్లాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ మీద దయ చూపిస్తే మా ఆయన కరిగిపోతారు. అందుకే దొరసాని చేత ఆ ఇల్లు వంటమనిషి పేర రాయించి ఓడెక్కించాను. "అద్భుతం" అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

చర్చ జోరుగానే సాగింది. "సొంతవాళ్ళని వదులుకుని ఈ మట్టిని ప్రేమించిందండీ, ఎంత మనసు" అన్నారు లాయరుగారు.

"ప్రేమించింది మట్టినే. ఇంత పుస్తకంలో ఆ వంటమనిషి పేరేమిటని ఒక్కసారైనా అడిగిందా?" అంది డాక్టరమ్మ.

"ఆ కాలం అలాంటిది. ఇప్పటి కొలతలతో కొలిస్తే ఎలా?" అన్నారు రిటైరైన హెడ్మాస్టరుగారు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను టీ పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ఒక్కసారి పిలిచి ఆపచ్చు. ఆపలేదు.

"మీరంతా అసలు సంగతి వదిలేశారు. చివర్లో ఇల్లు వంటమనిషి పేర రాసి వెళ్ళిపోతుంది చూడండి, అక్కడ పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను."

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి, "ఇల్లు రాయడమేమిటండీ? వంటమనిషే కదా తాళాలగుత్తి గుమ్మంలో పడేసి వెళ్ళిపోయింది. దొరసాని పొయ్యి వెలిగించడం రాక ఆకలితో కూర్చుంటుంది, అక్కడే అయిపోతుంది కథ" అన్నారు.

మా ఆయన గిర్రున నా వైపు తిరిగారు. "అదేంటి, నువ్వు అలాగే చెప్పావు కదా?"

అనేశాక గానీ ఏమన్నారో ఆయనకు తెలియలేదు. మిగతావాళ్ళకు వెంటనే తెలిసింది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కట్టుకున్నవాడు నలుగురిలో తల దించుకుంటే ఆడదానికి బాధ కలగాలంటారు. వెతుక్కున్నాను, ఎక్కడా కనబడలేదు.

"అయితే ఇన్నాళ్ళూ మేం విన్నవి మీ మాటలా?" అంది డాక్టరమ్మ నన్ను చూస్తూ.

"ఏదో, ఇంట్లో మాట్లాడుకుంటాం కదండీ" అన్నారు మా ఆయన. నా వైపు చూడకుండా, "ముందు అందరికీ టీ ఇవ్వు" అన్నారు.

పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టాను.

"డాక్టరుగారూ, వచ్చే నెల మీ ఇంట్లో పెట్టుకుందామండీ. నేనొక్కదాన్నే వస్తాను. ఈయన చదవరు."